పై వాటా అద్దెకిచ్చే ముందు...

ఆ రోజు ఆవకాయ జాడీలు కడిగి ఎండలో బోర్లిస్తున్నాను. ఫోను మోగింది. మా పిన్ని.

"ఏమే, నువ్వు పేపర్లో నలుగురికీ సలహాలు రాస్తుంటావు కదా! నాకు పోలీసు స్టేషన్ నుంచి కబురొచ్చింది. నా ఇంట్లో ఫ్యూజు నేను పీకితే తప్పేమిటే?" అంది. గొంతులో కోపం, దాని వెనక ఏడుపు.

ఇది రెండేళ్ళ కిందటి మాట. ఈ మధ్య అద్దె ఇళ్ళ గురించి మీ దగ్గర్నుంచి ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. అందుకని, పిన్నిని అడిగి, ఆవిడ సరేనన్నాకే ఈ వారం ఆ కథ చెబుతున్నాను. కథతో పాటు, సొంత ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చుకుని బతికే మనలాంటి ఆడవాళ్ళు తెలుసుకోవలసిన చట్టం కూడా.

జరిగింది ఇదీ

పిన్నిది హైదరాబాదులో రెండంతస్తుల చిన్న ఇల్లు. బాబాయి పోయాక కింద ఆవిడ ఉంటుంది. పై వాటా అద్దెకిస్తుంది. నెలకి పన్నెండు వేలు. మందులు, గ్యాసు, పాలవాడు, కరెంటు అన్నీ అందులోంచే వెళ్ళాలి. పిల్లలిద్దరూ వేరే ఊళ్ళలో ఉన్నారు. అడిగితే పంపుతారు, కానీ అడగడం పిన్నికి ఇష్టం ఉండదు.

పై వాటాలోకి మా ఊరివైపు అబ్బాయే వచ్చాడు. భార్య, ఏడాది పాప. "మన ఊరి పిల్లాడికి కాగితాలెందుకే" అని పిన్ని అగ్రిమెంటు రాయించలేదు. రెండు నెలల అడ్వాన్సు, అంటే ఇరవై నాలుగు వేలు, తీసుకుని తాళం చెవి చేతిలో పెట్టింది. ఏడాదిన్నర సవ్యంగానే జరిగింది. తర్వాత అతని ఉద్యోగం పోయింది. ఒక నెల ఆగమన్నాడు, రెండు నెలలు ఆగమన్నాడు. అయిదు నెలలు గడిచాయి. మెట్ల మీద ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపోయేవాడట.

చివరికి ఓ పొద్దున్న పిన్ని పై వాటా ఫ్యూజు పీకేసి, నీళ్ళ మోటారు గదికి తాళం వేసింది. "ఎండలకి వాళ్ళే పోతారు" అని పక్కింటావిడ సలహా. సాయంత్రానికి పాప ఏడుపు కింది దాకా వినబడింది. మర్నాడు ఆ అబ్బాయి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాడు. ఆ మర్నాడు అతని లాయరు నోటీసు వచ్చింది.

అయిదు నెలల అద్దె రావలసిన మనిషి తప్పు చేసినదానిలా నిలబడవలసి వచ్చింది. నాకు తెలిసిన ఒక లాయరమ్మ దగ్గరికి పిన్నిని తీసుకువెళ్ళాను. ఆవిడ మొదట అన్న మాట: "ముందు ఇంటికెళ్ళి ఫ్యూజు పెట్టండి. మోటారు తాళం తీయండి. తర్వాతే మాట్లాడుకుందాం."

ఇల్లు మనదే, కానీ తాళం వేయకూడదు

అద్దె కట్టనివాడిని కూడా మనంతట మనం బయటికి పంపకూడదు. సామాను బయట పెట్టడం, తాళం మార్చడం, నీళ్ళు, కరెంటు ఆపడం ఏవీ పనికిరావు. నిర్దిష్ట ఉపశమన చట్టం అని 1963లో వచ్చింది ఒకటుంది. దాని 6వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా కాకుండా ఇంట్లోంచి వెళ్ళగొట్టబడిన మనిషి ఆరు నెలల లోపు కోర్టుకెళ్ళి తిరిగి ఆ ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో "ఇల్లు నాది" అన్న మాట ఇంటివాళ్ళని కాపాడదు. కరెంటు మనిషికి కనీస అవసరమని, ఇంటి యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెదారుకి దాన్ని కాదనకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అద్దె రాకపోవడం అవతలివాడి తప్పు. ఫ్యూజు పీకడం మన తప్పు. రెండోది చేస్తే, కోర్టులో మొదటిది వినిపించదు.

అన్నట్టు, అద్దెకిచ్చాక ఆ వాటాలోకి మనం చెప్పకుండా వెళ్ళడం కూడా సరికాదు. రెండో తాళం చెవి మన దగ్గర ఉన్నా, ఇంట్లో ప్రశాంతంగా ఉండే హక్కు వాళ్ళది. కొళాయి కారుతోందో, గోడ చెమ్మెక్కిందో చూడాలంటే ముందురోజు ఒక మాట చెప్పి వెళ్ళండి.

ఏ చట్టం మనకి వర్తిస్తుంది?

చాలామందికి "రెంట్ కంట్రోల్" అన్న మాట తెలుసు. 1960 నాటి భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయించే నియంత్రణ చట్టం అది. తెలంగాణ ఏర్పడ్డాక అదే చట్టాన్ని ఇక్కడ కొనసాగించుకున్నారు. అయితే అది అన్ని ఇళ్ళకీ వర్తించదు. 2005లో తెచ్చిన సవరణతో మునిసిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకి 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్ళని అందులోంచి తప్పించారు. కొత్తగా కట్టిన ఇళ్ళకి కూడా కొన్నేళ్ళ మినహాయింపు ఉంది.

అంటే ఇప్పుడు హైదరాబాదులో మామూలు వాటాలు చాలావరకు ఆ చట్టం బయటే ఉన్నాయి. ఏళ్ళ కిందట తక్కువ అద్దెకిచ్చిన పాత ఇళ్ళూ, చిన్న మడిగలూ ఉన్నవాళ్ళకి మాత్రం రెంట్ కంట్రోలరే దిక్కు. అక్కడ ఖాళీ చేయించాలంటే చట్టంలో రాసిన కారణం ఏదో ఒకటి ఉండాలి. అద్దె ఎగ్గొట్టడం, మన అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడు చేయడం, చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బందిగా తయారవడం, ఇల్లు నీది కాదని అడ్డం తిరగడం, లేదా మనకే ఆ ఇల్లు నిజంగా అవసరపడడం లాంటివి. అగ్రిమెంటులో రాసుకున్న గడువు దాటి పదిహేను రోజులైనా, అగ్రిమెంటు లేకపోతే తర్వాతి నెలాఖరు దాటినా అద్దె కట్టకపోతే ఎగ్గొట్టినట్టు లెక్క. కావాలని ఎగ్గొట్టలేదని కంట్రోలరు నమ్మితే, కట్టుకోవడానికి అద్దెదారుకి ఇంకో అవకాశం ఇస్తారు.

పిన్ని ఇంటి అద్దె పన్నెండు వేలు. కనుక ఆవిడకి ఇది వర్తించదు. ఆవిడలాంటివాళ్ళకి ఆధారం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులో నెలనెలా అద్దె ఇచ్చే ఇంటికి ఖాళీ చేయమని పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 106వ సెక్షన్ చెబుతుంది. అగ్రిమెంటులో నెల అనో రెండు నెలలనో రాసుకుంటే ఆ ప్రకారం ఇవ్వాలి. కారణం రుజువు చేయనక్కర్లేదు. నోటీసు గడువు దాటినా వెళ్ళకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి. దావా అంటే నెలలూ, ఒక్కోసారి ఏళ్ళూ. ఆ సంగతి లాయరమ్మ దాచకుండా చెప్పింది.

"కాగితమే లేదు కదమ్మా, మరి ఎలా?" అని అడిగింది పిన్ని. నోటి మాట మీద ఇచ్చి, ఇల్లు అప్పగించినా అది అద్దె ఒప్పందమేనట. అద్దె పిన్ని బ్యాంకు ఖాతాలో పడుతూ వచ్చింది కనుక రుజువు దొరికింది. చేతికి నోట్లు తీసుకుని ఉంటే అదీ ఉండేది కాదు.

పదకొండు నెలల మాయ

"పదకొండు నెలల అగ్రిమెంటు రాయిస్తే పన్నెండో నెలలో వాళ్ళంతట వాళ్ళే వెళ్ళాలి" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఏడాది దాటిన కాలానికి ఇచ్చే ఒప్పందాన్ని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలలు పుట్టింది. పదకొండు నెలలైపోయాక కూడా వాళ్ళు ఉండి, మనం అద్దె తీసుకుంటూ ఉంటే ఒప్పందం నెలనెలా సాగుతున్నట్టే. మళ్ళీ నోటీసు ఇవ్వవలసిందే.

నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్టరు చేయించినట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. సంతకాలు ఎదురుగా చేశారని చెప్పడం వరకే నోటరీ పని. మూడేళ్ళకో అయిదేళ్ళకో ఇస్తున్నట్టు రాసి రిజిస్టరు చేయించని కాగితంలో షరతులు కోర్టులో నిలవడం కష్టం. ఖర్చైనా చేయించుకోండి. ముఖ్యంగా కింద షాపుకి ఇచ్చేటప్పుడు.

పన్నెండేళ్ళ భయం

"పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుందట కదా?" ఈ ప్రశ్న ప్రతి ఇరవై ఉత్తరాల్లో పదింటిలో ఉంటుంది. అద్దె కడుతూ ఉన్న మనిషి ఇరవై ఏళ్ళున్నా ఇల్లు అతనిది కాదు. మన అనుమతితో వచ్చినవాడు, ఇంట్లో ఉన్నంతకాలం, వచ్చిననాటికి ఇల్లు నీది కాదని అనడానికి లేదని సాక్ష్యాల చట్టం చెబుతుంది. 2024 జూలైలో పాత సాక్ష్యాల చట్టం పోయి కొత్తది వచ్చినా ఈ నియమం మారలేదు.

అలాగని నిశ్చింతగా ఉండకూడదు. ఒప్పందం ముగిశాక ఇల్లు తిరిగి కోరే దావాకి పన్నెండేళ్ళ గడువుంది. అద్దె బాకీ దావాకి మూడేళ్ళే. ఎవరికో ఊరికే ఉండమని ఇచ్చి, అద్దె లేదు, కాగితం లేదు అని వదిలేసి విదేశాల్లో కొడుకు దగ్గర కూర్చుంటే చిక్కులు అక్కడే మొదలవుతాయి. కనీసం ఏడాదికోసారి ఒక కాగితం, నెలకోసారి బ్యాంకులో ఒక పద్దు ఉండేలా చూసుకోండి.

పేరు ఎవరిది?

లాయరమ్మ అడిగిన రెండో ప్రశ్నకి పిన్ని దగ్గర జవాబు లేదు. "ఇల్లు ఎవరి పేరున ఉందండీ?" బాబాయి పేరునే ఉంది. ఆయన వీలునామా రాయలేదు. అలాంటప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, పిల్లలకీ, ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడకీ సమాన వాటాలు. కూతుళ్ళకి పెళ్ళైనా సరే. అంటే ఇల్లు పిన్ని ఒక్కదానిదే కాదు. మిగతావాళ్ళు అభ్యంతరం చెప్పనంతవరకు వాటాదారుల్లో ఒకరే ఖాళీ చేయించే దావా వేయవచ్చు. అయినా పిల్లల చేత సమ్మతి కాగితం రాయించి పెట్టుకోవడం మేలని చెప్పింది. ఇంటి పన్ను కూడా పోయినవాళ్ళ పేరున నడుస్తుంటే మార్పించుకోవాలి.

మీ పేరున ఇల్లు ఉంటే అగ్రిమెంటు కూడా మీ పేరునే రాయించండి. అద్దె మీ ఖాతాలోనే పడాలి. "ఆయన చూసుకుంటారు" అని మీ ఇంటి అద్దె మీ మరిదిగారి ఖాతాలో పడుతుంటే, రేపు అవసరం వచ్చినప్పుడు మీరే అద్దెకిచ్చారని చెప్పడం మీకే కష్టం.

ఆదాయపు పన్ను సంగతి కూడా ఒక్క మాట. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన మునిసిపల్ పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కిందా వాటికిందా మినహాయింపు ఇస్తారు. దానికి బిల్లులు చూపించనక్కర్లేదు. మిగిలినది మీ ఆదాయంలో కలుస్తుంది. ఇంటి పన్ను రసీదులు మాత్రం దాచుకోండి.

అగ్రిమెంటులో ఏం రాయాలి?

పిన్ని ఇప్పుడు ఈ జాబితాని పోపుల డబ్బా ఉన్న అలమర తలుపుకి లోపలివైపు అంటించుకుంది. మీరూ రాసుకోండి.

1. ఇద్దరి పేర్లు, శాశ్వత చిరునామాలు, గుర్తింపు కార్డు నకళ్ళు. ఇంట్లో ఎవరెవరు ఉంటారో కూడా.
2. అద్దె ఎంత, ఏ తేదీలోపు, ఏ ఖాతాలో. నీళ్ళు, కరెంటు, మెయింటెనెన్సు ఎవరు కట్టాలి. వీలైతే కరెంటు మీటరు వేరుగా పెట్టించండి.
3. అడ్వాన్సు ఎంత, ఏ పరిస్థితుల్లో ఎంత మినహాయిస్తారు, ఎన్నాళ్ళలో తిరిగిస్తారు.
4. అద్దె ఎప్పుడు, ఎంత శాతం పెంచుతారు. ఇది నోటి మాటగా వదిలితే ఏటా గొడవే.
5. ఖాళీ చేయాలంటే ఎవరు ఎవరికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి. ఇద్దరికీ ఒకే గడువు ఉంటే న్యాయం.
6. ఇంకొకరికి అద్దెకివ్వకూడదు, కాపురానికి తప్ప వేరే పనికి వాడకూడదు అన్న మాట.
7. ఫ్యాన్లు ఎన్ని, గీజరు, కొళాయిలు, అద్దాలు ఏ స్థితిలో ఉన్నాయో పట్టిక. తాళం ఇచ్చే రోజున ఫోనులో ఫోటోలు తీసి ఇద్దరూ దాచుకోండి.

మామూలు వాడకంలో గోడ రంగు వెలిసినా, గచ్చు అరిగినా అది అద్దెదారు తప్పు కాదు. ఇంటికి మొత్తం రంగులు వేయించుకుని ఆ ఖర్చంతా అడ్వాన్సులోంచి కోసుకోవడం మర్యాదా కాదు, చట్టమూ కాదు. పగిలిన సింకు సంగతి వేరు.

అద్దెదారు వివరాలు దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఇవ్వడం కూడా అలవాటు చేసుకోండి. ఇంకో మాట. ఉద్యోగం చేసుకునే ఒంటరి ఆడపిల్ల వస్తే "ఫ్యామిలీకే ఇస్తాం" అని తలుపేసేయకండి. మన పిల్లలు కూడా ఏదో ఊళ్ళో ఎవరో తలుపు తడుతూనే ఉంటారు.

నోటీసు ఇచ్చాక జాగ్రత్త

నోటీసు లాయరు ద్వారా, చేరినట్టు రుజువు ఉండేలా పంపించండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక ఇప్పుడు స్పీడ్ పోస్టులోనే ఆ సదుపాయం అడగాలి. నోటీసు గడువు అయిపోయాక వచ్చిన అద్దెని కిమ్మనకుండా తీసుకుంటే, నోటీసు వదులుకున్నారని అవతలివాళ్ళు వాదించే వీలుంది. తీసుకోక తప్పకపోతే "నా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను" అని రాసి రసీదు ఇవ్వమంది లాయరమ్మ.

పిన్ని కథ ఏమైంది?

ఆ సాయంత్రమే ఫ్యూజు పెట్టించాం. పిన్ని స్వయంగా పైకి వెళ్ళి, పాపని ఎత్తుకుని, "తప్పు నాదేనమ్మా" అంది. ఆ అబ్బాయి భార్య ఏడ్చింది. అతను అప్పుడు నోరు విప్పాడు. "పిన్నిగారూ, మీకు మొహం చూపించలేక దాక్కున్నానండీ" అన్నాడు. వాళ్ళు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

అలాగని లాయరమ్మ నోటీసు ఆపనివ్వలేదు. "మంచితనం మంచితనమే, కాగితం కాగితమే" అంది. నోటీసు వెళ్ళింది. తర్వాత నలుగురం కూర్చుని ఒప్పందం రాసుకున్నాం. రెండు నెలల్లో ఖాళీ చేయాలి. ఆ రెండు నెలల అద్దె ఎప్పటికప్పుడు కట్టాలి. పాత బాకీ అరవై వేలలో అడ్వాన్సు ఇరవై నాలుగు వేలు పోగా మిగిలిన ముప్ఫై ఆరు వేలు నెలకి ఆరు వేల చొప్పున ఆరు వాయిదాల్లో ఇవ్వాలి. ఇద్దరూ సంతకాలు చేశారు.

అతనికి చిన్న ఉద్యోగం దొరికింది. చెప్పిన రోజుకి ఖాళీ చేశారు. నాలుగు వాయిదాలు వచ్చాయి. మిగతా పన్నెండు వేలు రాలేదు. దావా వేయవచ్చు, మూడేళ్ళ గడువుంది. పిన్ని వేయనంది. "ఆ పన్నెండు వేలు నా చదువు ఫీజనుకుంటానే" అంది.

ఇప్పుడు పై వాటాలో ఇద్దరు బ్యాంకు ఉద్యోగినులు ఉన్నారు. రాతపూర్వక అగ్రిమెంటు ఉంది. అద్దె అయిదో తేదీకి ఖాతాలో పడుతుంది.

మీ ఉత్తరాలు

*అద్దెకున్నాయన పోయారు. భార్యాపిల్లలు అక్కడే ఉంటామంటున్నారు. ఒప్పందం ఆయనతోనే కదా, వాళ్ళని వెళ్ళమనవచ్చా? — ఒక పాఠకురాలు, వరంగల్*

ఆయనతోనే ఒప్పందం పోదమ్మా. అద్దె హక్కు కుటుంబానికి వస్తుంది. అద్దె సరిగా కడుతుంటే ఆవిడ పేరున కొత్త అగ్రిమెంటు రాయించుకోండి. ఖాళీ చేయించాలనుకున్నా నోటీసు దారిలోనే వెళ్ళాలి. కొంచెం ఊపిరి తీసుకోనివ్వండి పాపం.

*మాది విజయవాడ. మీరు రాసే చట్టాలే మాకూనా? — పేరు వద్దన్న పాఠకురాలు*

కొన్ని అవే. ఆస్తి బదలాయింపు, రిజిస్ట్రేషన్ చట్టాలు దేశమంతటికీ ఉన్నవే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దెకి వేరే చట్టం చేశారు. అడుగు వేసే ముందు అక్కడి లాయరుని కలవండి.

*అడ్వాన్సు రెండు నెలలకి మించకూడదని కేంద్రం చట్టం చేసిందట, నిజమా? — ఒక గృహిణి, కరీంనగర్*

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. కాపురం ఇళ్ళకి రెండు నెలలు, ఇతర భవనాలకి ఆరు నెలలు మించకూడదని అందులో ఉంది. కానీ అది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటే అక్కడే అమలు. అయినా రెండు నెలలు న్యాయమైన లెక్కే. మీరూ అలాగే పెట్టుకుంటే ఎవరూ తప్పనరు.

మీ ఉత్తరాలు రాస్తూ ఉండండి. కోర్టు దాకా వెళ్ళిన విషయమైతే మాత్రం నా సలహాతో సరిపెట్టుకోకుండా కాగితాలు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళండి. ఇవాళ సాయంత్రం వీలు చూసుకుని ఒక పని చేయండి. మీ ఇంటి కాగితాలు, పన్ను రసీదులు, అగ్రిమెంటు అన్నీ ఒక సంచిలో ఉన్నాయో లేదో చూసుకోండి. పిన్నికి ఆ సంచి వెతకడానికే మూడు రోజులు పట్టింది.